పారింది వేరు, పారిచ్చుకున్నది వేరు

నిజామాబాద్‌లో మొన్న ఒక శిక్షణ తరగతికి నన్ను పిలిచారు. ఊళ్లు తిరిగి సాగు వివరాలు రాసుకొచ్చే కొత్త ఉద్యోగులకు ఫారం ఎలా నింపాలో చెప్పాలి. రిటైరయ్యాక ఇలాంటి పిలుపులు వస్తే సంతోషంగా పోతుంటాను. రైతు పేరు, సర్వే నంబరు, పంట పేరు అన్నీ చెప్పుకుంటూ పోయి "పారిన విస్తీర్ణం, ఎకరాల్లో" అన్న గడి దగ్గరికి వచ్చాను. వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచింది. ధర్పల్లి అమ్మాయి.

"సార్, పారిన అంటే కాలువతోటి పారిందా, బోరుతోటి పారిచ్చుకున్నదా? మా నాయిన బోరేసుకున్నడు. గది ఏ గడిల రాయాలె?"

తరగతంతా నవ్వింది. పక్కనున్న కుర్రాడు "మీ నాయిన గురించి వేరే గడి పెట్టిస్తం తియ్" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. మోకాలి దాకా ప్యాంటు మడిచిన ఒక కాలు కళ్ల ముందుకు వచ్చింది. పిక్క మీద బురద ఆరి పొలుసులు కట్టిన కాలు.

"గడి ఒక్కటే ఉందమ్మా. అందులోనే రాయి" అన్నాను.

అమ్మాయి కూర్చుంది. సరిగ్గా అదే జవాబు చాలా ఏళ్ల కింద ఇంకొకరికి చెప్పాను. అప్పుడు ఆయన కూర్చోలేదు. ఆయన పేరు ఇక్కడ రాయను. వద్దన్నది ఆయనే.

అప్పట్లో నేను డిగ్రీ కాలేజీలో అర్థశాస్త్రం చెప్పేవాణ్ని. సొంతూరు ఇందల్వాయి. రాష్ట్ర ప్రభుత్వాలు పెట్టే ఖర్చుకు ఎంత ఫలితం రాబడుతున్నాయో కొలిచే ఒక పెద్ద అధ్యయనంలో మా జిల్లా భాగం నాకు అప్పగించారు. ఆలోచన తేలికే. ఒక పక్క ఖర్చు పెడతాం, ఇంకో పక్క ఫలితం పెడతాం. బడికి చదివిన పిల్లలు, ఆసుపత్రికి నయమైన రోగులు, కాలువకు పారిన ఎకరాలు. తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితం చూపించిన ప్రభుత్వం సమర్థమైనది. చివరికి రాష్ట్రాలన్నిటినీ, వాటి లోపల జిల్లాలనూ పరీక్ష ఫలితాల్లాగా ఒక వరుసలో నిలబెడతాం. నేను ఆ పనిని నమ్మాను. ఇప్పుడు కూడా నమ్మకం పోయిందని చెప్పను, అలా చెబితే చాలా సులువుగా తప్పించుకున్నట్టు అవుతుంది.

కాలువల లెక్క కోసం కోటగిరి వైపు ఒక పిల్లకాలువను ఎంచుకున్నాను. కాలువ గట్ల వెంట తిరిగి తూముల షట్టర్లు ఎత్తి దించే మనిషిని మా దగ్గర లష్కర్ అంటారు. ఉర్దూలో ఆ మాటకు సైన్యమని అర్థం. ఆ కాలువ మీద సైన్యం ముగ్గురే. అందులో ఆయన ఒకడు. అందరూ లష్కరన్న అనేవాళ్లు. ముసలివాళ్లు లష్కరా అనేవాళ్లు. బక్క మనిషి, మెడలో కాలువ నీళ్ల ఎరుపు పట్టిన తెల్ల తువ్వాలు, చేతిలో షట్టరు తిప్పే ఇనుప హ్యాండిలు. దాన్ని గొడుగులాగా భుజానికి తగిలించుకునేవాడు.

మొదటి రోజు గట్టు మీద నిలబడి నా మొదటి ప్రశ్న అడిగాను. "ఇప్పుడు నీళ్లు ఎంత వస్తున్నాయి?"

"ఉండుండ్రి" అని ప్యాంటు మడిచి కాలువలోకి దిగాడు. కళ్లు మూసుకున్నాడు. ఎవరో చెవిలో చెబుతుంటే వింటున్నట్టు తల కొంచెం వంచాడు. "పిక్క నీళ్లు. పొద్దుగాల మోకాలు నీళ్లుండె. మీద ఎవడో తూము ఎత్తిండు."

"అలా కాదు, క్యూసెక్కుల్లో చెప్పండి."

"గా సెక్కులు గిక్కులు ఇంజనీరు సారును అడుగుండ్రి. నా కాలుకు గింతే ఎరుక. మీరు సుత దిగుండ్రి సారు, తెలుస్తది."

నేను నా బూట్ల వైపు చూసుకున్నాను. కొత్తవి. "పర్వాలేదు, మీరు చెప్పండి" అన్నాను.

మడిమ నీళ్లు, పిక్క నీళ్లు, మోకాలు నీళ్లు, తొడ నీళ్లు. ఆయన కొలమానం అదే. ఏ ప్రశ్న అడిగినా ముందు దిగేవాడు. ఈ కాలువ కింద ఎంత భూమి ఉంది అన్నా దిగేవాడు. దానికి దిగడం ఎందుకయ్యా అంటే, "నీళ్లను అడగకుంట భూమి ముచ్చట ఎట్ల చెప్పాలె?" అనేవాడు. నాకు పళ్లు కొరుక్కోవాలనిపించేది. నా ఫారంలో అంకెలు పట్టే గళ్లే ఉన్నాయి. ఆయన నాకు ఒక కాలు ఇస్తున్నాడు. మూడు రోజులు ఆయనతో తిరిగాను. మూడు రోజులూ "దిగుండ్రి సారు" అన్నాడు. నేను దిగలేదు.

రైతుల మధ్య వంతులు పెట్టడానికి ఆయన గడియారం వాడేవాడు కాదు. మెడలోని తువ్వాలును కాలువలో ముంచి, పిండి, షట్టరు రాడ్డు మీద ఆరేసేవాడు. "ఇది ఆరెదాక నీళ్లు నీయి. ఆరినంక పక్కోనియి." అంతే, ఇంక మాట లేదు.

"ఆరడానికి ఎన్ని నిమిషాలు పడుతుంది?" అన్నాను.

"ఎండను బట్టి ఉంటది."

"అప్పుడు పొద్దున వంతు వచ్చినవాడికి ఎక్కువ, మధ్యాహ్నం వాడికి తక్కువ కదా?"

"ఇయ్యాల పొద్దుగాలోడు రేపు పగటికి వస్తడు. తక్కువైనోనికి ఎక్కువయితది. మీకు ఒక్క దినమే కనవడ్తున్నది సారు. నాకు యాసంగంత కనవడ్తది."

నాకు చిరాకు వేసింది. నోట్‌బుక్కులో "వంతుల పద్ధతి శాస్త్రీయంగా లేదు" అని రాసుకున్నాను.

రెండో రోజు పగటిపూట ఒక తమాషా జరిగింది. ఒక రైతు వంతు ఎంతకూ అయిపోవడం లేదు. ఎండ మండుతోంది, తువ్వాలు మాత్రం ఆరడం లేదు. అవతలి రైతు కేకలు పెడుతున్నాడు. లష్కరన్న వచ్చి తువ్వాలు తీసి వాసన చూశాడు. పిండాడు. ఎండకు పట్టి చూశాడు.

"ఓ పటేలా, దీని మీద నీళ్లెవడు సల్లిండు?"

"ఎవడు సల్లుతడే అన్నా! ఇయ్యాల ఎండ లేదు."

"ఎండ లేదా? మరి నీ బట్టతల గంత ఎందుకు మెరుస్తున్నది?"

గట్టు మీద ఉన్నవాళ్లంతా విరగబడి నవ్వారు. ఆయన మాత్రం నవ్వకుండా తువ్వాలు విప్పి అందరికీ చూపించాడు. "గిది సూడుండ్రి. పొద్దుగాల నేను ముంచినప్పుడు కాలువ నీళ్లకు ఎర్రగయింది. మళ్ల గీ నడిమిట్ల తెల్లగ ఎట్లయింది? గివి బోరు నీళ్లు. కాలువల ముంచితె అందరు సూస్తరని తాగే సీసల నీళ్లు పోసిండు పటేలు. దొంగతనం సుత సక్కగ చేస్త రాదు వీనికి."

పటేలు తల గోక్కుని, "ఒక్క మడి మిగిలిందన్నా" అన్నాడు. "మిగిలితె మిగలనియ్యి. రేపు పొద్దుగాల నీదే మొదటి తువాల" అన్నాడు లష్కరన్న. కొట్లాట అక్కడితో ఆగిపోయింది. "ఇక్కడ చెరుకు ఉన్నప్పుడు నీళ్ల కొట్లాటలు ఇంక తియ్యగుండె సారు" అన్నాడు నాతో. చక్కెర మిల్లు మూతపడ్డాక ఆ చుట్టుపక్కల చెరుకు పోయి అంతా వరే వచ్చింది.

కాలువ నీళ్లు తువ్వాలుకు రంగు పట్టిస్తాయి, బోరు నీళ్లు పట్టించవు. ఆ రోజు నేను నేర్చుకున్న ఈ ఒక్క సంగతి నా అధ్యయనం మొత్తానికి తాళంచెవి. అప్పుడు అది వినోదంగా మాత్రమే కనిపించింది.

మూడో రోజు కాలువ కొసకు తీసుకుపోయాడు. నా మోటారు సైకిలు వెనక కూర్చుని, ఇనుప హ్యాండిలు ఒళ్లో పెట్టుకుని దారి చెప్పాడు. పోను పోను కాలువలో నీళ్లు పలచబడ్డాయి. తర్వాత తడి మాత్రమే మిగిలింది. ఆ తర్వాత తుంగ, పగిలిన సిమెంటు, మేకల పెంటికలు. ఆఖరి తూము దగ్గర షట్టరే లేదు. కానీ అటూ ఇటూ పొలాలు పచ్చగా ఉన్నాయి. నేను ఫారం తీసి, "పారిన విస్తీర్ణం" గడిలో ఎకరాలు రాయబోయాను.

"ఆగుండ్రి" అని నా పెన్ను మీద చెయ్యి పెట్టాడు.

పొలంలో మోటరు దగ్గర ఒక అవ్వ చాటలో ఆకు, తంబాకు పెట్టుకుని బీడీలు చుడుతోంది. ఒక కన్ను బీడీ మీద, ఒక కన్ను మోటరు మీద. మమ్మల్ని చూసి గట్టిగా అడిగింది.

"ఏంది లష్కరా, ఎవల్ని తోల్కొచ్చినవ్? గీ సారు నీళ్లు తెస్తడా?"

"నీళ్లు తేడవ్వా. నీళ్లు వచ్చినయని రాస్తడు."

"రాస్తె వస్తయా? గట్లయితె నాకు పండ్లు సుత వచ్చినయని రాయమను" అని బోసినోరు తెరిచి నవ్వింది.

లష్కరన్న నా వైపు తిరిగాడు. ఆ మూడు రోజుల్లో ఆయన గొంతు పెరగడం అప్పుడే విన్నాను.

"పొలం పచ్చగుంటె పారిందని రాస్తరా సారు? పారింది వేరు, పారిచ్చుకున్నది వేరు. కాలువొచ్చి మడిని తడిపితె గది పారింది. గీ అవ్వ బోరేసుకోని, రెండు మాట్ల మోటరు కాలవెట్టుకోని, బీడీలు చేసిన పైసలతోటి బాగు చేయించుకోని తడుపుకుంటె గది పారిచ్చుకున్నది. రెండిటిని ఒక్క గడిల ఏస్తె ఏమయితది? కాలువ కొస దాక మస్తు పని చేస్తున్నదంటరు. పూడిక తీసుడు ఎందుకంటరు. షట్టరు ఎందుకంటరు. లష్కర్లు ఎందుకంటరు."

"గడి ఒక్కటే ఉంది" అన్నాను.

"గడి ఎవలు గీసిండ్రు?"

ఆ ఫారం తయారు చేసినవాళ్లలో నేనూ ఒకణ్ని.

తిరుగు ప్రయాణంలో నీళ్లున్న చోట బండి ఆపమన్నాడు. దిగి కాళ్లు కడుక్కున్నాడు. "సారు, నాది పర్మనెంటు నౌకరి కాదు. ఏటేట కాయిదం రావాలె. నా పేరు రాయకుండ్రి, మీదోళ్లు ఊకోరు. మాట రాయుండ్రి" అన్నాడు. రాస్తానన్నాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. తడి చెయ్యి. దాన్ని ప్యాంటుకు తుడుచుకున్నానని ఇప్పుడు రాస్తుంటే గుర్తొస్తోంది.

రాశాను. హైదరాబాదుకు పంపిన తొలి ప్రతిలో ఆ సంగతి ఒక పేజీ ఉంది. తర్వాత అందరం కూర్చుని లెక్కలు కలిపాం. ఒక్క జిల్లాలో ఆ గడిని రెండుగా చీలిస్తే మిగతావాటితో పోల్చడం కుదరదు. వేరే రాష్ట్రాల జాబితాల్లో కూడా గడి ఒక్కటే. చీలిస్తే పని మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. చీల్చకపోతే మా లెక్క అందంగా కనిపిస్తోంది. కాలువ మరమ్మతుకు ఖర్చు తక్కువ, ఎకరాలు మాత్రం తగ్గలేదు. మోటరు తాగిన కరెంటు ఖర్చు ప్రభుత్వంలోనే వేరే శాఖ పద్దులో ఉంది. బోరు ఖర్చు, కాలిన మోటరు ఖర్చు ఏ పద్దులోనూ లేవు, అవి అవ్వ బీడీల చాటలో ఉన్నాయి. ఇవేవీ మా తక్కెడలోకి రాలేదు కాబట్టి మా ప్రాంతం పైకి తేలింది.

నన్ను ఎవరూ బలవంతం చేయలేదు. ఆ పేజీని పేరాగా కుదించింది నేనే. పేరాను అడుగున సన్న అక్షరాల వాక్యంగా మార్చింది నేనే. చివరి ప్రూఫులో, స్థలం లేదన్నప్పుడు, దాని మీద గీత గీసిందీ నా పెన్నే. నా జిల్లా పై వరుసలో ఉందని వేదిక మీద చెప్పాలని నాకు ఆశగా ఉండింది. చెప్పాను. చప్పట్లు కొట్టారు. శాలువా కప్పారు.

పుస్తకంలో ఒక వాక్యం నాది: "సిబ్బంది తగ్గినా ఫలితం తగ్గలేదు." చూడటానికి ఎంత తేటగా ఉందో! తర్వాత ఎప్పుడో ఒక ఇంజనీరు మిత్రుడు మాటల్లో చెప్పాడు, ఆ వాక్యాన్ని ఒక ఫైలులో ఎత్తి రాశారని, దాన్ని చూపించి ఆ పిల్లకాలువ లష్కర్లలో ఇద్దరికి ఆ ఏడు కాగితం ఇవ్వలేదని. ఇద్దరిలో ఒకడు ఎవరో అడగలేదు. అడగకపోయినా తెలిసింది.

తర్వాత ఆయన్ని ఒక్కసారే చూశాను. బోధన్‌లో ఒక పెళ్లికి పోయాను. ఫంక్షన్ హాలు గేటు దగ్గర ఖాకీ చొక్కా వేసుకుని నిలబడి ఉన్నాడు. ప్యాంటు అప్పటికీ కింద రెండు మడతలు మడిచే ఉంది. నన్ను చూసి నవ్వాడు.

"నమస్తె సారు! గిప్పుడు గూడ గేటే. నీళ్లు పోయి కార్లొచ్చినయి."

నేనూ నవ్వబోయాను. మొహం సహకరించలేదు. ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి, "మీ మాట రాశాను, కానీ చివరికి ఉంచలేకపోయాం. అది నా చేతుల్లో లేకుండా పోయింది" అన్నాను.

ఆయన నవ్వు ఆపేశాడు. వెనక కారు హారన్ కొడుతోంది. గేటు తీయలేదు.

"చేతులల్ల లేదు సారు. కాళ్లల్ల ఉండె. మూడు దినాలు దిగుమన్న. మీరు బూట్లు ఇడ్వలే."

హారన్ మళ్లీ మోగింది. మేనేజరు లోపలి నుంచి అరిచాడు. ఆయన గేటు తీశాడు. నేను పెళ్లి భోజనం చేయకుండా బస్సెక్కాను. అది పశ్చాత్తాపమని అప్పుడు అనుకున్నాను. కాదు, పారిపోవడం. పశ్చాత్తాపమైతే ఆ గేటు దగ్గరే నిలబడేవాణ్ని.

ఆ తర్వాత ఆ గడిని రెండు చేయాలని నాలుగు చోట్లకు ఉత్తరాలు రాశాను. రెండు చోట్ల నుంచి "పరిశీలనలో ఉంది" అని జవాబు వచ్చింది. రెండు చోట్ల నుంచి అదీ రాలేదు. ఫారాలు ఇప్పుడు కాగితం మీద లేవు, ట్యాబుల్లోకి వచ్చాయి. గడి మాత్రం ఒక్కటే ఉంది. దానిలో ఇంకో మాట రాయడానికి వేలు పెడితే ఎర్రగా మెరిసి, అంకె మాత్రమే ఇవ్వమంటుంది. నేను గీసిన గడి నన్నే రానివ్వడం లేదు. ధర్పల్లి అమ్మాయికి నేనిచ్చిన జవాబుకు ఇంత చరిత్ర ఉంది.

తరగతి అయిన మర్నాడు పొద్దున్నే కోటగిరి బస్సెక్కాను. ఆయన ఇల్లు ఎక్కడో తెలియదు. తెలిసిన చోటు కాలువ కొస ఒక్కటే. ఆటో దిగి గట్టు మీద నడిచాను. నడుస్తూ నిశ్చయించుకున్నాను, ఈసారి అడగకముందే దిగాలని. ఆఖరి తూము దగ్గర కూర్చుని ఒక బూటు లేసు విప్పాను. రెండోది విప్పబోతూ కాలువలోకి చూశాను. తుంగ కూడా ఎండిపోయింది. నెర్రెల్లో గడ్డి మొలిచింది. లేసు మళ్లీ కట్టుకున్నాను.

పొలం పచ్చగానే ఉంది. మోటరు శబ్దం వస్తోంది. అవ్వ అక్కడే ఉంది, ఇంకా వంగిపోయి, అదే చాటతో. నన్ను గుర్తుపట్టలేదు. చెప్పాక గుర్తుపట్టింది.

"ఓ, నువ్వా! పండ్లు రాయని సారు."

లష్కరన్న ఎక్కడుంటాడని అడిగాను. బీడీకి దారం చుట్టడం పూర్తిచేసి చెప్పింది.

"పోయిండు బిడ్డా. మొన్నటెండలల్ల. నౌకరి పోయినంక సుత కాలువ ఇడిసిన్రని తెలిస్తె బోధన్‌కెళ్లి బస్సెక్కి వచ్చేటోడు. మీద తూముల కాలు పెట్టి సూసి, గీడిదాక నడుసుకుంట వచ్చి, 'అవ్వా, ఇయ్యాల సుత రాలే' అని చెప్పిపోయేటోడు. రాలేదని చెప్పెతందుకు గంత దూరం వస్తరా ఎవరన్న? పిసోడు."

మోటరు స్టార్టరు డబ్బా మీద ఒక తువ్వాలు ఆరేసి ఉంది. నా చూపు అక్కడే ఆగడం అవ్వ గమనించింది.

"ఆయనదే. బోరు నాది సగం, మా మరిదిది సగం. నీళ్లకాడ రోజు పంచాయతే. ఓనాడొచ్చి మెడల తువాల తీసి గీ డబ్బా మీద ఏసి పోయిండు. గది ఆరెదాక నీళ్లు నాయి. ఆరినంక మరిదియి. ఇప్పటిదాక కొట్లాట లేదు."

దగ్గరికి వెళ్లి తువ్వాలు చేతిలోకి తీసుకున్నాను. తడిగా ఉంది. ఇంకా అవ్వ వంతే. ఆయన మెడలో ఉన్నప్పుడు దానికి ఎప్పుడూ కాలువ రంగు ఉండేది. విప్పి ఎండకు పట్టి చూశాను. అటు తిప్పి చూశాను, ఇటు తిప్పి చూశాను.

"ఏం సూస్తున్నవ్ సారు? రాస్కోరాదు, పారిందని" అంది అవ్వ.

ఎక్కడా ఒక్క ఎర్ర మరక లేదు. తువ్వాలు తెల్లగా ఉంది.